జర్మనీ చదువుకు డబ్బు సర్దుకునే ముందు

అక్టోబరు సెమిస్టరుకు చాలా విశ్వవిద్యాలయాల్లో దరఖాస్తు గడువు జులై 15. అంతకు ముందే ఇంట్లో కూర్చుని ఈ లెక్కలు తేల్చుకోండి.

• బ్లాక్డ్ అకౌంటు (వీసా కోసం అక్కడి ఖర్చుల డబ్బు ముందే వేసి, నెలనెలా కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) కోసం చేబదులు తేవద్దు. 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు ముందే జమ చేయాలి. అక్కడికి వెళ్లాక నెలకు 992 చొప్పునే చేతికొస్తుంది. వీసా రాగానే తీసి తీర్చేద్దామని నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే ఇరుక్కుపోతారు. అది చూపించడానికి పెట్టే డబ్బు కాదు, మీ తిండికీ అద్దెకూ పెట్టే డబ్బు.

• ఏపీఎస్ ధ్రువపత్రానికి ముందుగా దరఖాస్తు చేయండి. మన డిగ్రీ పత్రాలను పరిశీలించి ఇచ్చే ఈ కాగితం లేనిదే విద్యార్థి వీసా కదలదు.

• ‘జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు లేదు’ అన్న మాటను గుడ్డిగా నమ్మవద్దు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మనవాళ్లకు సెమిస్టరుకు 1,500 యూరోలు. మ్యూనిక్ సాంకేతిక విశ్వవిద్యాలయమూ కొత్తగా చేరే మనవాళ్ల దగ్గర ఫీజు తీసుకుంటోంది. పైగా మ్యూనిక్‌లో గది అద్దెకే ఆ 992లో సగానికి పైగా పోవచ్చు.

• రుణం బ్లాక్డ్ అకౌంటుకు వేస్తారా అని బ్యాంకును అడగండి. కొన్ని బ్యాంకులు కళాశాలకే పంపుతాయి. ఫీజే లేనిచోట ఎవరికి పంపుతారు?

• పార్ట్‌టైమ్ జీతాన్ని మొదటి ఆరు నెలల లెక్కలో వేయవద్దు. ఏడాదికి 140 పూర్తి రోజులే అనుమతి. జర్మన్ రాకుండా పని దొరకడమూ కష్టమే.

• వయసు 30 దాటిందా? విద్యార్థుల చౌక ఆరోగ్య బీమా వర్తించదు, ఆ ఖర్చు వేరుగా రాసుకోండి.