బ్యాలేలో నడుమూ కటీ నిలకడగా ఉంచడం ఎలా?

అమలాపురంలో బ్యాలే ఏంటండీ అని మా చుట్టాలే నవ్వుతారు. కానీ ఫోన్‌లో చూసి, వరండా ఊచలు పట్టుకుని సాధన చేసే పిల్లలు మా వీధిలోనే నలుగురున్నారు. అందరిదీ ఒకటే తప్పు: పాదాలు ఎంత బయటికి తిరిగితే అంత బ్యాలే అనుకోవడం. పాదాల సంగతి తర్వాత. ముందు కటి, అంటే నడుముకీ తొడలకీ మధ్యనున్న ఎముకల గూడు, సరిగ్గా నిలవాలి.

ముందు పడుకోండి. గచ్చు మీద చాప వేసి వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి పాదాలు నేలకి ఆనించండి. బొడ్డుకి కాస్త కిందగా రెండు పక్కలా తగిలే ఎముక మొనల మీద అరచేతుల మొదళ్లు, పొత్తికడుపు అడుగున్న ఎముక మీద వేళ్ల కొసలు పెట్టండి. చేతులు త్రికోణంలా వస్తాయి. నడుము నేలకి నొక్కితే వేళ్ల వైపు పైకి లేస్తుంది, విల్లులా వంచితే కిందికి వాలుతుంది. పదిసార్లు అటూ ఇటూ ఊగించి, త్రికోణం మట్టంగా ఉన్నచోట ఆగండి. నడుము కింద సన్నటి ఖాళీ మిగులుతుంది. మిగలాలి కూడా.

తర్వాత అద్దానికి పక్కగా నిలబడండి. ఇప్పుడా త్రికోణం మేస్త్రి వేలాడదీసే గుండు తాడులా నిలువుగా ఉండాలి. పక్కటెముకలు ముందుకి పొడుచుకు రాకూడదు.

తిరకాసంతా ఇక్కడే. నడుము విరిస్తే తుంటి ముందుండే గట్టి బంధనం వదులై, కాళ్లు ఇంకాస్త బయటికి తిరుగుతాయి. పిల్లలు మురిసిపోతారు. అది దొంగ టర్నవుట్ (టర్నవుట్ అంటే కాళ్లని తుంటి నుంచి బయటికి తిప్పడం). గద్దిస్తే వెంటనే పిరుదులు బిగించి, బెదిరిన కుక్క తోకలా లోపలికి లాక్కుంటారు. అదీ తప్పే. అలా బిగిస్తే తొడ ఎముక తన గిన్నెలో హాయిగా తిరగదు, ప్లియే, అంటే మోకాళ్లు వంచి దిగడం, లోతు రాదు. కాలిని తిప్పాల్సింది పిరుదుల లోతున దాక్కున్న 6 చిన్న కండరాలు.

ఫస్ట్ పొజిషన్‌కి, అంటే మడమలు కలిపి వేళ్లు బయటికి తిప్పి నిలబడడానికి, పాదాలు జంటగా పెట్టి, తొడ మొదలు నుంచి కాళ్లు తిప్పండి. పాదాలు వెంట రావాలంతే. త్రికోణం ఎక్కడ కదిలిందో అక్కడికే మీ కొలత. 180 డిగ్రీలు చాలామంది తుంటి ఎముకల ఆకారానికే కుదరదు. బలవంతం చేస్తే మోకాలు మెలిపడుతుంది, పాదం వంపు కుంగుతుంది. సిమెంటు గచ్చు పాదాన్ని పట్టేస్తుంది కనక మోసం బయటపడదు. ఊచ పట్టుకుని, సాక్సులతో ఒకసారి నిలబడి చూడండి. పాదాలు లోపలికి జారితే ఆ టర్నవుట్ నేల ఇచ్చిన అప్పే.

డెమీ ప్లియేలో, అంటే సగం దాకా దిగే ప్లియేలో, మడమలు లేవకుండా, మోకాళ్లు రెండో వేలి మీదుగా, తోకెముక నిటారుగా దిగాలి. నెమ్మదిగా 8 సార్లు చాలు. కూచిపూడి అరమండి వచ్చినవాళ్లకి మోకాళ్ల దిశ చెప్పక్కర్లేదు. టాండ్యూలో, అంటే కాలు చాచి పాదాన్ని నేల మీదే జరిపేటప్పుడు, చంకన నిండు బిందె ఎత్తుకుంటే తుంటి పక్కకి పోతుందే, అలా పోకుండా చూసుకోండి.

రోజంతా కూర్చునేవాళ్లకి తొడ ముందు కండరాలు బిగిసి కటిని ముందుకి గుంజుతాయి. ఒక మోకాలు నేలకి ఆన్చి, త్రికోణం నిలువుగానే ఉంచి, ఒక్కో వైపు 30 సెకన్లు సాగదీయండి. పొడిచినట్టు నొప్పి వస్తే ఆపి ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి.

అరబెస్క్‌కి (ఒంటికాలి మీద నిలబడి రెండో కాలు వెనక్కి ఎత్తడం) మాత్రం ఈ లెక్క మారుతుంది. కాలు వెనక్కి ఎత్తేకొద్దీ కటి ముందుకి వాలాలి. అక్కడా మొండిగా నిలువుగా పట్టుకుంటే కాలు లేవదు, నడుము పట్టేస్తుంది. వీపు పైభాగం పైకే ఉంచి, కటిని కాలితోపాటు కాస్త వాలనివ్వండి.