రాయిగా మారిన అడవిని ఒక్క రోజులో ఎలా చూడాలి?

అమెరికాలో, అరిజోనా రాష్ట్రంలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌కి పచ్చటి అడవిని ఊహించుకుని వెళ్తే నిరాశే. బోసి నేల మీద, ఎవరో రంపంతో కోసి దొర్లించినట్టు దుంగలు పడి ఉంటాయి. చెయ్యి పెడితే చల్లటి రాయి.

ముందు ఏ గేటో తేల్చుకోండి. పార్కులో ప్రధాన రోడ్డు ఒక్కటే, 45 కిలోమీటర్లు. ఐ-40 హైవే మీద తూర్పు నుంచి వస్తుంటే 311వ ఎగ్జిట్ దగ్గర ఉత్తర గేటు తగులుతుంది. పడమటి నుంచి వస్తూ ఇంకా తూర్పుకు పోవాలనుకుంటే హోల్‌బ్రూక్‌లో 180 రోడ్డెక్కి దక్షిణ గేటు పట్టుకోండి. వచ్చిన దారినే తిరగక్కర్లేదు.

సాయంత్రం గేట్లు మూసేస్తారు, లోపల క్యాంప్‌గ్రౌండ్ లేదు. పొద్దున్నే చేరండి. వేసవిలో ఫోన్ గడియారాన్ని నమ్మొద్దు: అమెరికాలో చాలాచోట్ల అప్పుడు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అరిజోనా జరపదు, పక్కనున్న నవాహో నేషన్ (నవాహో ఆదివాసుల స్వయంపాలిత ప్రాంతం) జరుపుతుంది. నీళ్లు కారులోనే నింపుకోండి.

ఎక్కువ సమయం దక్షిణానికే ఇవ్వండి. రెయిన్‌బో ఫారెస్ట్ మ్యూజియం వెనకే జెయింట్ లాగ్స్ బాట, అర కిలోమీటరు పైచిలుకు. అక్కడి 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్' మాను మొదలు దాదాపు 3 మీటర్ల వెడల్పు. తర్వాత 1.2 కిలోమీటర్ల క్రిస్టల్ ఫారెస్ట్. ఇక్కడ దుంగ కోసిన ముఖాన్ని తీరిగ్గా చూడండి. 20 కోట్ల ఏళ్లకు పైగా క్రితం నదుల్లో కొట్టుకొచ్చిన చెట్లివి. బురద, అగ్నిపర్వతాల బూడిద కప్పేయడంతో గాలి తగలక కుళ్లలేదు. బూడిదలోని సిలికా నీళ్లలో కరిగి చెక్కలోకి ఇంకి క్వార్ట్జ్ అనే గట్టి ఖనిజంగా మారింది. ఎరుపు, పసుపు ఇనుము పుణ్యమే. ఆ రంపపు కోత మాత్రం ఎవరి పనీ కాదు. క్వార్ట్జ్ గట్టిదే గానీ పెళుసు. నేల పైకి లేచినప్పుడు సుద్దముక్కలా పుటుక్కున విరిగింది.

ఓపికుంటే బ్లూ మీసా అనే గుట్ట దగ్గరి చుట్టుబాట 1.6 కిలోమీటర్లు నడవండి. దిగుడు బాగా నిటారు, ఎక్కేటప్పుడు తెలుస్తుంది. టైము చాలకపోతే అగేట్ బ్రిడ్జిని, అంటే వాగు మీద వంతెనలా పడి ఉన్న రాతి దుంగని, వదిలేయొచ్చు. 1917లో దాని కింద కాంక్రీటు దూలం పెట్టారు, నాకైతే అందం కాస్త తగ్గిందనిపిస్తుంది. న్యూస్‌పేపర్ రాక్ మాత్రం వదలొద్దు: 650కి పైగా ప్రాచీన చెక్కడాలు.

ఇక చేతులు అదుపులో పెట్టుకోండి. చిన్న పెచ్చు తీసుకున్నా నేరమే. తీసుకెళ్లినవాళ్లు కొందరు క్షమాపణ ఉత్తరంతో పోస్టులో తిప్పి పంపుతుంటారు. ఏ చోటిదో తెలియని ముక్కను మళ్లీ అక్కడ పెట్టలేరు కాబట్టి అన్నీ ఒక కుప్పలో చేరతాయి. గుర్తుగా ఒకటి కావాలంటే, ప్రైవేటు భూముల్లో తవ్వినవి బయటి దుకాణాల్లో అమ్ముతారు. పార్కు చూసి వచ్చాకే కొనండి, ముందే కొని కారులో పెట్టుకుని లోపలికి వెళ్లొద్దు.