పుష్-పుల్ యాంప్లిఫైయర్‌కు మొదటిసారి పవర్ ఇచ్చే ముందు

టిప్ 41సి, టిప్ 42సి పవర్ ట్రాన్సిస్టర్ల జతను అవుట్‌పుట్‌లో పెట్టి ప్లస్-మైనస్ సప్లై సర్క్యూట్ కట్టారనుకుందాం.

- స్పీకర్ పీకేయండి. కరెంటు మితిమీరకుండా మెయిన్స్‌కు సిరీస్‌లో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టండి, ఎల్‌ఈడీ పనికిరాదు.

- అసలు సంగతి బయాస్ ప్రీసెట్, అంటే పాట లేనప్పుడు అవుట్‌పుట్ జతలో పారే కరెంటును సరిచేసే చిన్న తిప్పుడు రెసిస్టర్. దాన్ని ఆ బయాస్‌ను నిలిపే చిన్న ట్రాన్సిస్టర్ (బయాస్ ట్రాన్సిస్టర్) బేస్-ఎమిటర్ మధ్యే పెట్టి, పూర్తి రెసిస్టెన్స్‌కు తిప్పి ఉంచండి. చవక ప్రీసెట్ స్లైడర్ ఎప్పుడో ఒకప్పుడు కాంటాక్ట్ వదిలేస్తుంది. ప్రీసెట్ బేస్-ఎమిటర్ మధ్య ఉంటే అప్పుడు బయాస్ పడిపోయి పాట కాస్త గరగరలాడుతుంది, అంతే. అదే కలెక్టర్-బేస్ మధ్య పెట్టారో, అవుట్‌పుట్ జత మాడిపోతుంది.

- ఆ బయాస్ ట్రాన్సిస్టర్‌ను అవుట్‌పుట్ జత ఉన్న హీట్‌సింక్‌కే బిగించండి.

- టిప్ వెనక రేకు కలెక్టరే. కరెంటు తగలకుండా ఆపే మైకా రేకు, స్క్రూ బుష్ పడ్డాయా? రేకుకీ హీట్‌సింక్‌కీ మధ్య మీటర్ బీప్ అనకూడదు.

- పవర్ ఇచ్చాక, 0.22 ఓమ్ ఎమిటర్ రెసిస్టర్ మీద సుమారు 5 మిల్లీవోల్టులు వచ్చేదాకా ప్రీసెట్‌ను మెల్లగా తిప్పండి. బల్బు తీశాక మళ్లీ చూడండి. అవుట్‌పుట్‌లో డీసీ 50 మిల్లీవోల్టులు దాటితే స్పీకర్ కలపొద్దు.