అమ్మకు ఎప్పుడూ నీరసమే: లోపం ఒంట్లోనా, మనసులోనా?

సమస్య: పొద్దున లేస్తూనే అలసట, చిన్న మాటకే విసుగు. ఇంట్లోవాళ్లు "వయసు మీద పడింది" అని తేల్చేస్తారు. నలభై ఐదేళ్లకే వయసేమిటో!

ఛాతీలో నొప్పి, చెమటలు, కూర్చున్నా ఆయాసం ఉంటే ఇక్కడ చదవడం ఆపి 108కి ఫోన్ చేయండి. అవి లేకపోతే ముందు డాక్టరుకు చూపించి రక్త పరీక్షలు చేయించండి.

మెట్లెక్కితే ఆయాసం, కనురెప్పల లోపల పాలిపోవడం
రక్తహీనత కావచ్చు. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ డెసిలీటరు (100 మి.లీ.) రక్తానికి 12 గ్రాములకు తగ్గకూడదు. బీట్‌రూట్ రసం ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందనుకోవడం మన ముచ్చట. లోటు తీర్చేది డాక్టరు రాసిన ఐరన్ మాత్ర. దాన్ని టీతో మింగితే సగం వృథా, నిమ్మరసంతో అయితే మేలు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుంటే దానికీ వైద్యం చేయించాలి.

చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, బరువు పెరగడం
థైరాయిడ్ మందగించి ఉండవచ్చు. టీఎస్‌హెచ్ పరీక్ష చెబుతుంది. మాత్ర పరగడుపున వేసుకోవాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపు
విటమిన్ బీ12 తగ్గిందేమో పరీక్ష చేయించండి. శాకాహారులు, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారు మరీ ముఖ్యంగా.

రిపోర్టులన్నీ బాగున్నాయి, మనిషి మాత్రం బాగాలేదు
"ఏమీ లేదట" అని ఫైలు బీరువాలో పెట్టేసేది ఇక్కడే. ఇష్టమైన సీరియల్ కూడా పట్టకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, అన్నం సయించకపోవడం రెండు వారాలకు మించి సాగితే డిప్రెషన్ అయి ఉండవచ్చు. "ఏమైంది?" అంటే "ఏమీ లేదు" అనే వస్తుంది. పక్కన కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తూ "ఈ మధ్య పిన్నికి ఫోన్ కూడా చేయడం లేదు, మనసు బాగోలేదా అమ్మా?" అని అడిగి చూడండి. జవాబుకు తొందరపడవద్దు. "ధైర్యంగా ఉండు" అన్న మాట మాత్రం వద్దు. అక్కడితో మాట ఆగిపోతుంది.

సైకియాట్రిస్టు దగ్గరకు రానంటే, 14416కు ఫోన్ చేయించండి: టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు. మందులు రాస్తే గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది; "పని చేయడం లేదు" అని మధ్యలో ఆపించకండి.

"నేను పోతే మీకు పీడ వదులుతుంది" అన్నారా? చనిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే పురుగుమందు, మాత్రల డబ్బా ఇంట్లోంచి తీసేయండి, ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.