నొప్పి బిళ్ల కొనేటప్పుడు స్ట్రిప్పు వెనక్కి తిప్పండి

పలాసలో మా మందుల షాపుకి వచ్చేవాళ్లలో చాలామంది బిళ్ల పేరు చెప్పరు. "నడుం పట్టేసింది బావూ, గట్టిది ఒకటియ్యి" అంటారు. జీడిపప్పు ఫ్యాక్టరీల్లో పొద్దస్తమానం కూర్చుని పని చేసేవాళ్లకి నడుం పట్టకుండా ఎలా ఉంటుంది? నొప్పి నిజమే. ఆ "గట్టిది" దగ్గరే నాకు పేచీ.

షాపులో దొరికే నొప్పి బిళ్లలు ముఖ్యంగా రెండు జాతులు. ఒకటి పారాసెటమాల్. డోలో, క్రోసిన్, కాల్పాల్ అన్నీ అదే. రెండోది ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, మెఫెనమిక్ యాసిడ్ జాతి. ఆస్పిరిన్ కూడా వీటి చుట్టమే. ముందు మొదటి జాతితో మొదలుపెట్టండి. పెద్దవాళ్లకి 500 లేదా 650 మిల్లీగ్రాముల బిళ్ల ఒకటి, మళ్లీ వేసుకోవాలంటే 6 గంటల ఎడం, రోజుకి 4 బిళ్లలకి మించొద్దు. రోజూ మందు కొట్టేవాళ్లు, బాగా బక్కపలచగా ఉన్న ముసలివాళ్లు, కామెర్లు వచ్చి తగ్గినవాళ్లు డాక్టర్ని అడిగి అంతకన్నా తక్కువే వాడాలి.

ఒక బిళ్ల పట్టుకుని చూస్తే ఇది తేలికే. చిక్కంతా కలిపి మింగడంలో ఉంది. జ్వరానికి డోలో 650. ఒళ్లు నొప్పులకి కాంబిఫ్లామ్, అందులో ఐబుప్రోఫెన్ 400తో పాటు పారాసెటమాల్ 325 ఉంది. ముక్కు కారుతోందని జలుబు బిళ్ల, వాటిలో చాలావాటిలో పారాసెటమాల్ 500 ఉంటుంది. మూడూ ఒకేసారి వేసుకుంటే 1475 మిల్లీగ్రాములు. అలా రోజుకి మూడు పూటలైతే 4425. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికైనా 24 గంటల్లో 4000 దాటకూడదు. వేసుకున్నవాడు మాత్రం "మూడు రకాలు, మూడు జబ్బులకి" అనుకుంటాడు. అందుకే పేరు చూడకండి, స్ట్రిప్పు వెనకాల సన్న అక్షరాల్లో ఏ మందు ఎన్ని మిల్లీగ్రాములని ఉందో చూడండి. కళ్లు ఆనకపోతే ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోండి, లేదా నాలాంటివాణ్ణి చదవమనండి. చదివి చెప్పడం మా పనే. విడి బిళ్లలు కొంటే పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్కే కత్తిరించి ఇమ్మనండి. కాగితంలో రంగురంగుల బిళ్లలు నాలుగు పొట్లం కట్టి "ఒక పూటకి" అని ఎవరిచ్చినా తీసుకోకండి. అందులో స్టెరాయిడ్ కూడా ఉండొచ్చు. పొద్దున్నకి నొప్పి మాయమైందంటే మురిసిపోవాల్సిన పని లేదు.

ఇక రెండో జాతి. మాది కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం పక్కనే. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు డయాలసిస్ అంటే తెలియని ఇల్లు తక్కువ. అక్కడి జబ్బుకి అసలు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, నొప్పి బిళ్లల వల్లేనని నేనూ అనను. కానీ దెబ్బ తిన్న కిడ్నీని ఈ బిళ్లలు ఇంకా దెబ్బ తీస్తాయన్నది తేలిన సంగతే. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం సరిగ్గా అందేలా చూసే పదార్థాలు కొన్ని శరీరంలోనే తయారవుతాయి. నొప్పిని పుట్టించేవీ ఆ కోవలోవే. ఈ బిళ్ల నొప్పితో పాటు ఆ కాపలానీ తీసేస్తుంది. కాబట్టి ఎండలో తోట పని చేసి చెమటలు కారుతూ వచ్చినప్పుడు, వాంతులు విరేచనాలు అయినప్పుడు దీని జోలికి వెళ్లకండి.

బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త. మీ బిళ్ల టెల్మిసార్టాన్ అయి, పక్కన హెచ్ అని ఉంటే అందులో నీరు తీసే మందు కూడా ఉన్నట్టు. ఆ రెండింటి మీద ఐబుప్రోఫెన్ పడితే కిడ్నీకి మూడు వైపులా ఒత్తిడి. గుండెకి ఆస్పిరిన్ 75 వేసుకునేవాళ్లు, షుగరు ఎక్కువున్నవాళ్లు, అల్సర్ ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ని అడక్కుండా ఈ జాతి బిళ్ల కొనొద్దు.

"గ్యాస్ బిళ్ల కూడా వేసుకుంటాను కదా" అంటారు. అది కడుపుని కొంత కాస్తుంది, కిడ్నీని కాదు. "సూది వేయించుకుంటే కడుపులోకి వెళ్లదు కదా" అనేవాళ్లూ ఉన్నారు. మందు రక్తంలో కలిసిందంటే కడుపుకీ ముప్పే. మలం తారులా నల్లగా వస్తే బిళ్ల ఆపేసి ఆసుపత్రికి వెళ్లండి. కిడ్నీకి ఏ ఇబ్బందీ లేనివాళ్లు అవసరమై వేసుకుంటే అన్నం తిన్నాక, తక్కువ డోసు, రెండు మూడు రోజులు. అంతే. స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ తెండి, ఇవ్వనన్నానని కోప్పడకండి. మోకాలి నొప్పికి చాలామందికి డైక్లోఫెనాక్ జెల్ సరిపోతుంది. రక్తంలోకి చేరేది కొంచెమే. కిడ్నీ జబ్బు ఉంటే మాత్రం అదీ అడిగే రాసుకోండి.

వానాకాలం జ్వరాల్లో పారాసెటమాల్ ఒక్కటే. డెంగీ అయితే ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ రక్తస్రావం తెచ్చిపెట్టగలవు. మూడు రోజులైనా జ్వరం దిగకపోతే రక్త పరీక్షకి వెళ్లండి.

పిల్లల పారాసెటమాల్ దగ్గర సీసా చూసి మాట్లాడాలి. చుక్కల మందులో సాధారణంగా 1 ఎంఎల్‌కి 100 మిల్లీగ్రాములు. సిరప్‌లో 5 ఎంఎల్‌కి 125 లేదా 250. పది కిలోల బిడ్డకి ఒకసారికి 100 నుంచి 150 మిల్లీగ్రాములు చాలు. సిరప్ అలవాటుతో చుక్కల మందు 5 ఎంఎల్ పోస్తే 500 పోయినట్టే. ఏ సీసాతో వచ్చిన కొలత మూతో డ్రాపరో దానికే వాడండి, వంటింటి చెంచా వద్దు. పిల్లలకి ఆస్పిరిన్ అసలొద్దు.

పారాసెటమాల్ ఎక్కువైందని అనుమానం వస్తే మనిషి బాగానే ఉన్నాడు కదా అని చూస్తూ కూర్చోకండి. మొదటి రోజు లివర్ ఏమీ బయటపెట్టకపోవచ్చు. దానికి విరుగుడు మందు ఉంది, 8 గంటల లోపు పడితే బాగా పని చేస్తుంది. ఖాళీ స్ట్రిప్పులన్నీ ఏరి, మొదటి బిళ్ల ఎన్నింటికి వేసుకున్నారో రాసుకుని వెంట తీసుకెళ్లండి.