పెద్ద ఇంజన్ కొనేముందు బోటు అడుగు చూడండి: బరువు బోట్లలో స్పీడు సమస్యలు, పరిష్కారాలు

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులే మా ఇంజన్ రిపేరు షెడ్డుకు పండగ. మైపాడు, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, అటు కొత్తపట్నం వైపు నుంచి కూడా ఇంజన్లు ఆటోల్లో దిగుతాయి. తెచ్చినవాళ్లలో సగంమంది మాట ఒకటే: "బోటు లాగడంలేదన్నా, పెద్ద ఇంజన్ వేసేద్దామా?"

వేసుకోవచ్చు, డబ్బులుంటే. కానీ నేను చూసినంతలో ఇంజన్ది తప్పని తేలినవి తక్కువ. ఎక్కువసార్లు దొంగ ఉండేది ఇంజన్ పెట్టెలో కాదు, బోటు అడుగున. కింద రాసిందంతా ఔట్‌బోర్డ్ ఇంజన్ (బోటు వెనక బయటికి తగిలించేది) బిగించిన ఫైబర్ బోట్ల గురించి. చివర్లో జెట్ బోటు (పంపుతో నీళ్లను వెనక్కి చిమ్ముతూ పోయేది) సంగతి కొంచెం చెప్తాను, ఈమధ్య దాని గురించి అడిగేవాళ్లు ఎక్కువయ్యారు.

ముందు రెండు అంకెలు రాసుకోండి

స్పానర్ పట్టుకునేముందు ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) ఎంతో, స్పీడు ఎంతో తెలియాలి. ప్లగ్ వైరుకు చుట్టుకునే చిన్న ఆర్పీఎం మీటర్లు దొరుకుతాయి, పెద్ద ఖరీదేం కాదు. స్పీడుకు ఫోన్లో జీపీఎస్ చాలు. అల తక్కువున్న పొద్దుటిపూట ఫుల్ రేజ్ ఇచ్చి ఒకసారి నీటివాలుకు, ఒకసారి ఎదురుకు నడిపి రెండింటి సగటు తీయండి. ఒకవైపే నడిపితే బోటు స్పీడుతో పాటు నీటి స్పీడు కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఖాళీ బోటుతో ఒకసారి, వలలు, ఐసు, మనుషులతో ఇంకోసారి.

ఇంజన్ పుస్తకంలో ఫుల్ రేజ్‌లో ఎంత ఆర్పీఎం రావాలో రాసుంటుంది. చాలా 9.9 హార్స్‌పవర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్లకు అది 5000 నుంచి 6000. మీ అంకె ఆ గీతల మధ్య ఉందా, కిందుందా, పైనుందా అన్నదాన్ని బట్టే తర్వాతి దారి.

మోత పెరుగుతోంది, బోటు మాత్రం కదలదు

ఆర్పీఎం పైకి పోతోంది, స్పీడు రాలేదంటే ఇంజన్ బలం నీటికి అందడంలేదు. మొదటి అనుమానం ఫ్యాను మీద, అంటే నీళ్లలో తిరిగి బోటును తోసే ప్రొపెల్లరు మీద. ఫ్యాను మధ్యలో ఇత్తడి గొట్టానికి, బయటి రెక్కల దిమ్మెకి నడుమ రబ్బరు ఉంటుంది. ఇసకమేటకు రెక్క తగిలినప్పుడు గేర్లు విరక్కుండా ఆ రబ్బరే దెబ్బ తింటుంది. నాలుగైదు దెబ్బలకు పట్టు వదిలేస్తుంది. తక్కువ రేజ్‌లో బాగానే లాగుతుంది, ఫుల్ ఇచ్చేసరికి లోపల జారిపోతుంది. కంటికి ఏమీ కనపడదు.

పట్టుకోవడానికి ఒక చిట్కా. ఫ్యాను విప్పి, వెనక నుంచి చూస్తూ లోపలి గొట్టం మీద నుంచి బయటి దిమ్మె మీదికి ఒకే గీత పెయింటుతో గీయండి. ఆరనిచ్చి బిగించి, పది నిమిషాలు ఫుల్ రేజ్‌లో నడిపి మళ్లీ విప్పండి. గీత రెండు ముక్కలై పక్కపక్కకు జరిగిందా? రబ్బరు పోయినట్టే. ప్రెస్సులో కొత్త రబ్బరు ఎక్కించుకోవచ్చు, లేదా ఫ్యానే మార్చాలి.

గీత కదల్లేదంటే గాలి పీలుస్తోందేమో చూడండి. ఫ్యానుకు పైన అడ్డంగా ఒక పలక ఉంటుంది కదా, అది బోటు అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం లోపు కిందికి గానీ ఉండాలి. ఇంకా పైనుంటే మలుపులో, అలమీద ఫ్యాను గాలిని లాక్కుని ఊరికే తిరుగుతుంది. మరీ కిందికుంటే ఇంజన్ కింది కాలు నీళ్లలో ఈడ్చుకుని స్పీడు తినేస్తుంది. ఇంజన్ బిగించే వెనక చెక్క పుచ్చి బోల్టులు దిగబడితే కూడా ఎత్తు తేడా వస్తుంది. బోల్టు దగ్గర స్క్రూడ్రైవర్‌తో పొడవండి, మెత్తగా దిగితే చెక్క అయిపోయింది.

ఫ్యాను విప్పారు కాబట్టి దాని వెనక షాఫ్టుకు చుట్టుకున్న వలతాడు తీసేయండి. అది సీలు కోసి గేర్ ఆయిల్లోకి నీళ్లు పంపుతుంది. ఆయిల్ పాలుపోసిన టీ రంగులో ఉంటే నీళ్లు దిగినట్టే, సీలు మార్చడం ఆలస్యం చేయొద్దు.

ఇంజన్ గొంతు లేవడంలేదు

ఫుల్ రేజ్‌లో కూడా ఆర్పీఎం పుస్తకంలో రాసిన కింది గీతను అందుకోవడంలేదు. ఇక్కడ రెండు దారులు: ఇంజన్ నీరసమా, మోసే బరువు ఎక్కువా? ఖాళీ బోటుతో గీత అందుకుని, సరుకుతో అందుకోకపోతే ఇంజన్ మంచిదే. ఖాళీగా కూడా అందుకోకపోతే ఇంజన్ చూడాలి.

ఇంజన్ వైపు పని గబగబా చెప్తాను, ఇది అందరికీ తెలిసిందే. మూత తీసి ఒకరు రేజ్ తిప్పుతుంటే ఇంకొకరు కార్బొరేటర్ పలక పూర్తిగా తెరుచుకుంటోందో లేదో చూడండి. తీగ సాగి ముప్పావు వంతే తెరుచుకున్న ఇంజన్లు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి. తర్వాత ట్యాంకు మూత మీద గాలి స్క్రూ, పంపు బల్బు, ఫిల్టర్లో నీళ్లు, ప్లగ్గులు. కిరోసిన్‌తో నడిచేవాటికి మసి పేరుకుంటుంది, తల విప్పి గీకాలి.

ఇంజన్ బాగుంటే ఫ్యాను సైజు చూడండి. దాని మీద రెండు అంకెలు కొట్టి ఉంటాయి. మొదటిది వ్యాసం. రెండోది పిచ్, అంటే జారకపోతే ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో. సైకిలు మీద రెండు బియ్యం బస్తాలేసుకుని పెద్ద గేర్లో తొక్కితే కాళ్లు ఆడవు చూడండి, పిచ్ ఎక్కువైన ఫ్యానుతో బరువు బోటుది అదే అవస్థ. ఒక అంగుళం పిచ్ తగ్గిస్తే ఆర్పీఎం దాదాపు 200 పెరుగుతుంది. "పిచ్ తగ్గిస్తే స్పీడు తగ్గుద్ది గదన్నా" అంటారు. ఖాళీ బోటుకు నిజమే. ఇంజన్ ఊపిరాడక 4500 దగ్గర ఆగిపోయిన బోటుకు మాత్రం తగ్గిస్తేనే పెరుగుతుంది. అట్లాగని ఖాళీగా వచ్చేటప్పుడు ఆర్పీఎం పై గీత దాటనివ్వకండి.

నిరుడు బాగుంది, ఈ ఏడు చచ్చింది

నేను ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఇంజన్ అదే, ఫ్యాను అదే, సరుకు అదే, స్పీడు మాత్రం లేదు. బోటే బరువెక్కింది.

ఫైబర్ బోటు అడుగునా, బల్లల కిందా మూసిన పెట్టెల్లో ఫోమ్ నింపుతారు. బోటు బోల్తాపడినా మునక్కుండా కాసేది అదే. ఏటా ఇసకలో ఈడ్చడంతో అడుగున పైపూత అరిగి, సన్నని పగుళ్లలోంచి ఉప్పునీళ్లు లోపలికి పోతాయి. పోయిన నీళ్లు బయటికి రావు. ఫోమ్ తాగుతూ కూర్చుంటుంది.

రెండేళ్ల కిందట మా మామ బోటు ఇట్లాగే వచ్చింది. 28 అడుగులది, 9.9 ఇంజన్. సరుకుతో 4500 ఆర్పీఎం, గంటకు తొమ్మిదిన్నర కిలోమీటర్లు. "ఇంజన్ సచ్చిందిరా అబ్బయ్యా, పాతిక హార్స్‌పవర్‌ది ఇప్పించు" అన్నాడు. నేను వెనక బల్ల పెట్టెను వేలితో కొట్టి చూశాను. బోలుగా మోగాల్సింది తడిగోడను కొట్టినట్టు దబ్ అంది. అడుగున రెండు చోట్ల చిన్న బెజ్జాలు వేశాం. ముందు ధారగా, తర్వాత చుక్కచుక్కగా, రాత్రంతా. 20 లీటర్ల పెయింట్ బకెట్లు పట్టాం. పొద్దున లెక్కేస్తే ఏడు నిండాయి. 140 లీటర్లు, అంటే ఇద్దరు మనుషుల బరువు, రోజూ డబ్బులు పెట్టి పెట్రోలు పోసి సముద్రంలో ఊరేగిస్తున్నాడు మామ. ఆయన బకెట్ల వంక చూసి, "కూలీ అడక్కుండా పన్జేశారు గదరా వీళ్లిద్దరూ" అన్నాడు.

బెజ్జం వేయకుండా తెలుసుకోవడానికి కూడా లెక్కుంది. బోటు కొత్తదైనప్పుడు ఖాళీగా నీళ్లలో నిలిపి, నీటిమట్టం దగ్గర పక్కకు పెయింటు గీత గీసుకోండి. నీటిమట్టం దగ్గర 25 అడుగుల పొడవు (దీన్నే నీటిగీత అంటాం), 5 అడుగుల వెడల్పున్న బోటు ఒక్క సెంటీమీటరు అదనంగా దిగిందంటే సుమారు 80 కిలోలు ఎక్కినట్టు. రెండు వేళ్లు దిగిందంటే మీరే చూసుకోండి.

మందు: పెట్టె పైభాగం కోసి, స్పంజిలా కారే ఫోమ్ తీసేసి, ఎండలో వారం పది రోజులు బాగా ఆరనిచ్చి, నీళ్లు తాగని మూసుకణాల ఫోమ్ నింపి, ఫైబర్ మ్యాటు, రెజిన్ జిగురుతో మూయాలి. అడుగు పగుళ్లు ముందు పూడ్చాలి, లేకపోతే వచ్చే ఏడు మళ్లీ ఇదే. ఫోమ్ తీసేసి ఖాళీ వదిలేస్తే తేలిగ్గా ఉంటుందని కొందరు అడుగుతారు. వద్దు. మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర అల తిరగబడిన రోజున పట్టుకోవడానికి ఉండేది ఆ బోటొక్కటే.

నాచు, గుల్లల సంగతి వేరు. రోజూ ఒడ్డుకు లాగే బోట్లకు అవి పట్టవు. కృష్ణపట్నం దగ్గర ఉప్పుటేట్లోనో, కాలవల్లోనో నెలల తరబడి నీళ్లలోనే కట్టేసిన బోట్లకు పడతాయి. అడుగంతా కాదు, ఫ్యాను రెక్కలకు నాలుగు గుల్లలు పట్టినా చాలు, తేడా తెలుస్తుంది. గీకి, గుల్ల పట్టని పెయింటు వేయండి.

ముక్కు ఆకాశంలోకి లేచి దిగడంలేదు

బరువంతా వెనక చేరింది. ఐసు పెట్టె, పెట్రోలు క్యాన్లు, వలలు అన్నీ ఇంజన్ పక్కనే కుప్పేస్తారు, చేతికందుతాయని. పెట్టెను మధ్యకు, క్యాన్లను ముందుకు జరపండి. ఇంజన్ ఎంత వాలి ఉండాలో ఆపే వంపు పిన్నును ఒక బెజ్జం బోటు వైపుకు మార్చండి. పైసా ఖర్చులేని పని ఇదొక్కటే, చేసేవాళ్లు కూడా తక్కువే. ముక్కు నీళ్లలోకి పొడుచుకుపోతుంటే ఇదే తిరగేసి చేయాలి. అప్పుడు బోటు అడుగు వెనకభాగంలో రెండు మీటర్ల సాపు కమ్మీ ఆనించి చూడండి. మొద్దుల మీద ఎగుడుదిగుడుగా నిలబెట్టిన బోట్లకు అక్కడ లోపలికి గుంట పడుతుంది, ఆ గుంటే ముక్కును కిందికి తొక్కుతుంది.

మొదట బాగుండి, అరగంటకు పడిపోతోంది

పక్కనుంచి వచ్చే నీటిధార చూడండి. సన్నబడితే వేడెక్కుతోంది. ఇసకనీళ్లు నీటిపంపు రబ్బరు రెక్కల్ని అరగదీస్తాయి, ఏటా నిషేధంలో మార్చేయండి. కొన్ని ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు వేడెక్కినా, ఆయిల్ తగ్గినా తమంతట తామే ఆర్పీఎం తగ్గించుకుంటాయి, దాన్ని జబ్బనుకోకండి. ధార బాగుండీ పడిపోతుంటే ట్యాంకు గాలి స్క్రూ వదులు చేసి చూడండి.

నీళ్లు లోతులేవు, జెట్ వేస్తే?

ఊటుకూరు దగ్గర పెన్న సముద్రంలో కలిసే చోట ఇసకమేటలు చూసి అడుగుతారు, ఫ్యాను లేని జెట్ అయితే బాగుంటుంది కదా అని. మేటల మీద బాగుంటుంది. కానీ ఔట్‌బోర్డుకు జెట్ తగిలిస్తే బలంలో పావు వంతుకు పైగా పోతుంది. మెల్లగా పోయే బరువు బోటుకు అది అసలు నప్పదు.

ఇప్పటికే బరువైన జెట్ బోటు ఉండి స్పీడు రాకపోతే, అక్కడా ఆర్పీఎమ్మే దారి చూపిస్తుంది, కాకపోతే లెక్క వేరు. జెట్ పంపు ఎంత బలం తినాలన్నది దాని ఇంపెల్లరు (లోపల తిరిగే రెక్కల చక్రం), ఆర్పీఎం తేలుస్తాయి, బోటు బరువు కాదు. అందుకని సరుకు వేసినా దించినా ఆర్పీఎం పెద్దగా మారదు. ఉండాల్సినదానికంటే తక్కువుంటే ఇంజన్ నీరసించింది: బలం ఆర్పీఎం ఘనంతో నడుస్తుంది కాబట్టి 5 శాతం తగ్గితే 14 శాతం బలం పోయినట్టు. ఎక్కువుంటే పంపు గాలి పీలుస్తోంది, లేదా నీళ్లు పీల్చే చోటున్న జాలీకి నాచు, తాడు అడ్డంపడింది, లేదా ఇసక తిని ఇంపెల్లరుకు, చుట్టూ ఉన్న రింగుకు మధ్య సందు పెరిగింది. ముందు జాలీ చూడండి, తర్వాత సందులో ఫీలర్ గేజ్ (సన్నని సందులు కొలిచే రేకులు) పెట్టి నాలుగువైపులా కొలవండి. రెక్కల అంచులు గుండ్రంగా మొద్దుబారితే సాన పట్టించాలి, రింగు అరిగితే మార్చాలి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, ఇంకా పోవాలి

ఇక్కడ సమస్య లేదు. నీళ్లను చీల్చుకుపోయే బోటుకు పొడవును బట్టి ఒక హద్దుంటుంది: నీటిగీత పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే స్పీడు నాట్లలో (గంటకు సముద్రపు మైళ్లలో) వస్తుంది. 25 అడుగులకు మూలం 5, వచ్చేది 6.7 నాట్లు, అంటే గంటకు పన్నెండున్నర కిలోమీటర్లకు కొంచెం తక్కువ. అది దాటాలంటే బోటు నీటిమీదికి లేవాలి. మా షెడ్డు లెక్కలో ఒక్కో హార్స్‌పవర్‌కు, బోటు బరువుతో కలిపి, పాతిక కిలోలు దాటితే లేవదు. పాతిక హార్స్‌పవర్ వేసినా మొత్తం 625 కిలోలే. వలలు, ఐసు, నలుగురు మనుషులు, బోటు కలిపి అంతలో ఉంటాయా?

మామ బోటుకు ఫోమ్ మార్చి, ఒక అంగుళం పిచ్ తగ్గించిన ఫ్యాను వేశాం. సరుకుతో 5300 ఆర్పీఎం, 11.8 కిలోమీటర్లు. పాతిక ఇంజన్ వేస్తే ఆ బరువుతో ఇంకొక కిలోమీటరు వస్తుందేమో, పెట్రోలు మాత్రం రెండింతలకు పైగా తాగుతుంది. కాగితం మీద లెక్కేసి చూపించాను. మామ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, "సరే, నిషేధం అయిపోనీ" అన్నాడు. పాత ఇంజన్ ఇప్పటికీ ఆ బోటు మీదే ఉంది.