రైడింగ్ క్లబ్బులో తోటి సైక్లిస్టు చనిపోతే ఆ దుఃఖంలో ఏం చేయాలి, ఎలా నిలబడాలి?

వారం వారం ఒకరి చక్రం వెనక ఒకరు తొక్కేవాళ్లకు ఒకరి గురించి ఒకరికి వింతైన సంగతులు తెలుస్తాయి. ఆ మనిషి ఇంటిపేరేమిటో, పిల్లలెందరో తెలియకపోవచ్చు. ఎత్తు ఎక్కేటప్పుడు ఎక్కడ రొప్పు మొదలవుతుందో, ఏ మలుపులో బ్రేకు ముందే నొక్కేస్తాడో మాత్రం తెలుసు. ముందున్నవాళ్లు చెయ్యి చూపిస్తే గుంత ఉందని నమ్మి పక్కకు తప్పుకుంటాం. అలాంటి మనిషి పోతే బాధ పెద్దదిగానే ఉంటుంది. కానీ బంధువులం కాదు, సెలవు అడగలేం, ఆఫీసులో చెబితే "ఎవరు, సైకిల్ గ్రూపులో మనిషా?" అంటారు. శోకం మీద పనిచేసిన కెన్నెత్ డోకా, లోకం లెక్కలోకి తీసుకోని ఇలాంటి దుఃఖం గురించి 1989లోనే రాశాడు. కాబట్టి మొదట చేయాల్సింది ఒకటే: ఏడవడానికి మీకు చుట్టరికం అక్కర్లేదని ఒప్పుకోవడం.

వార్తను జాగ్రత్తగా చేరవేయండి

ఇంట్లోవాళ్లకు తెలిసిందని ఖాయం చేసుకునేదాకా గ్రూపులో ఏమీ పెట్టకండి. కుటుంబంతో మాట్లాడటానికి క్లబ్బు తరఫున ఒక్కరే ఉండాలి. పదిమంది ఫోన్లు చేస్తే వాళ్లు తట్టుకోలేరు. తనతో ఎక్కువగా తొక్కినవాళ్లకు ఫోన్ చేసి చెప్పండి. వాళ్లు ఈ సంగతి వాట్సాప్‌లో చదివి తెలుసుకోకూడదు.

ప్రమాదం ఫొటోలు ఎవరికీ పంపకండి. ఎవరి సైకిల్ కెమెరాలోనైనా ఆ దృశ్యం రికార్డయి ఉంటే చెరపవద్దు, గ్రూపులో పెట్టవద్దు, పోలీసులకు చెప్పండి. తన నంబరును గ్రూపులోంచి తొందరపడి తీసేయకండి కూడా. ఆ పని చేసేవాళ్లకు అది శుభ్రం చేయడంలా అనిపిస్తుంది, చూసేవాళ్లకు అలా అనిపించదు.

విచారణ మొదలుపెట్టకండి

హెల్మెట్ పెట్టుకున్నాడా? వెనక లైటు వెలుగుతోందా? ఆ వేళప్పుడు ఆ రోడ్డు మీదకు ఎందుకు వెళ్లాడు? ఈ ప్రశ్నలు మొదటి గంటలోనే మొదలవుతాయి. నా ఉద్దేశంలో ఇవి కుతూహలం కన్నా భయంలోంచి పుడతాయి. పోయినవాళ్ల తప్పొకటి దొరికితే, ఆ తప్పు మనం చేయం కనుక మనకేం కాదని ధైర్యం. ఆ మాటలు తిరిగి తిరిగి ఇంట్లోవాళ్ల చెవిన పడతాయి. భద్రత గురించి తప్పకుండా మాట్లాడుకోవాలి. దానికి వేరే రోజు పెట్టుకోండి.

ఆ రోజు పక్కనే తొక్కినవాళ్ల సంగతి వేరు. "నేను వేగం పెంచకపోతే", "ఆ దారి నేనే చెప్పాను" అని లోపల నలిగిపోతుంటారు. వాళ్లకు "నీ తప్పేం లేదు" అని చప్పున చెప్పేసి ఊరుకోవద్దు, అది వాళ్ల నోరు మూయించడమే అవుతుంది. మొదటినుంచి చివరిదాకా చెప్పనివ్వండి. చెప్పిందే చెప్పినా వినండి.

ఇంటివాళ్ల దగ్గరికి వెళ్లండి

"ఏదైనా అవసరమైతే చెప్పండి" అంటే ఎవరూ చెప్పరు. ఫలానా రోజు పిల్లలను బడికి దింపుతాం, కాగితాల పనికి తోడొస్తాం అని అడగండి. క్లబ్బు జెర్సీలు వేసుకుని అంత్యక్రియలకు రావచ్చా అన్నది కూడా వాళ్లను అడిగే తేల్చుకోండి. కొందరికి అది ఊరట. కొందరికి ఆ జెర్సీని చూడటమే కష్టం, ఆ సైకిల్ వల్లే కదా మనిషి పోయిందని. ఆ కోపం మీ మీదకు మళ్లినా వాదించకండి.

మీ దగ్గర వాళ్లకు లేనిది ఒకటుంది: రోడ్డు మీద ఆ మనిషి ఎలా ఉండేవాడో మీకు తెలుసు. వెనకబడ్డ కొత్తవాళ్ల కోసం ఆగిపోవడం, వానలో పంచరు వేస్తూ వేసిన జోకులు, ఇవన్నీ ఇంట్లోవాళ్లకు తెలియకపోవచ్చు. చెప్పండి, రాసివ్వండి, ఫొటోలుంటే ఇవ్వండి. సైకిల్ గురించి మాత్రం మీరుగా ఎత్తవద్దు. కేసు ఉంటే అది సాక్ష్యం. దాన్ని తుడవకండి, బాగు చేయకండి.

స్మారక రైడ్

పోటీ సైక్లింగ్‌లో దీనికి ఒక పద్ధతి ఉంది. రోజుల తరబడి సాగే టూర్ ద ఫ్రాన్స్ పోటీలో, 1995లో, కొండ దిగుతూ పడి ఫాబియో కాసార్తెల్లి చనిపోయాడు. మర్నాడు ఎవరూ పోటీ పడలేదు. అందరూ నెమ్మదిగా తొక్కారు, చివర్లో అతని జట్టును ముందుకు వదిలారు. ఇటలీలో అలాగే రోజుల తరబడి సాగే జిరో డిటాలియా పోటీలో, 2011లో, వౌటర్ వేలాంట్ పోయినప్పుడూ మర్నాటి పోటీ అలాగే సాగింది. వేరే జట్టులోని అతని స్నేహితుడు టైలర్ ఫరార్, వేలాంట్ జట్టుతో కలిసి గీత దాటాడు. ఆ తర్వాత ఫరారూ, ఆ జట్టూ పోటీ వదిలి వెళ్లిపోయారు. కాసార్తెల్లి జట్టు మాత్రం కొనసాగింది. రెంటినీ ఎవరూ తప్పుపట్టక్కర్లేదు.

మీ రైడ్‌కు చిన్న దారి చాలు. అందరికన్నా నెమ్మదైనవాళ్ల వేగమే అందరి వేగం కావాలి, ఎవరూ వెనక మిగలకూడదు. 2003లో డల్లాస్‌లో మొదలైన మౌన రైడ్ సంప్రదాయంలో మాటలుండవు, వేగం గంటకు సుమారు 19 కిలోమీటర్లు దాటదు. ప్రమాదం జరిగిన చోటికి వెళ్లాలన్న నియమమేం లేదు. వెళ్తే ట్రాఫిక్‌కు దూరంగా ఆగండి. పోయినవాళ్ల గుర్తుగా అక్కడ తెల్ల రంగు వేసిన సైకిల్ నిలబెట్టాలనుకుంటే ముందు కుటుంబం, తర్వాత స్థానిక అధికారులు ఒప్పుకోవాలి.

మళ్లీ సైకిలెక్కడం

ఒకరు మర్నాడే ఎక్కుతారు, ఒకరు నెలలపాటు సైకిల్ వంక చూడరు. దీన్నిబట్టి ఎవరి ప్రేమనూ కొలవకండి. శోకంలో మనిషి పోయినవాళ్ల తలపుకూ, ముందున్న బతుకుకూ మధ్య అటూ ఇటూ ఊగుతాడని శోకం మీద పరిశోధన చేసిన మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ 1999లో వివరించారు. ఉదయం రైడ్‌లో నవ్వి రాత్రి ఏడిస్తే మీలో ఏదో తేడా ఉన్నట్టు కాదు.

మొదటిసారి ఒక్కరిని తోడు తీసుకుని, వేరే దారిలో, కొద్ది దూరమే వెళ్లండి. వెనకనుంచి లారీ చప్పుడు వినగానే చేతులు బిగుసుకుపోతే పక్కకు తీసి కాలు కింద పెట్టండి. మనసు చెదురుతుంటే గుంపులో, చక్రానికి చక్రం దగ్గరగా మాత్రం తొక్కవద్దు. మీ వల్ల ఇంకొకరు పడతారు. మనసు కుదుటపడేదాకా ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు మీద, తొక్కినా సరే.

సాయం ఎప్పుడు అడగాలి?

మనోవైద్యురాలు ఎలిజబెత్ క్యూబ్లర్-రాస్ 1969లో చెప్పిన ఐదు దశలతో (నిరాకరణ, కోపం, బేరం, కుంగుబాటు, ఒప్పుకోలు) మిమ్మల్ని సరిచూసుకోకండి. అవి ఆమె మరణానికి దగ్గరైన రోగులతో మాట్లాడి రాసినవి. కానీ ప్రమాద దృశ్యం నెల దాటినా కళ్లముందు తిరుగుతుంటే, నిద్ర పట్టకపోతే, మద్యం తాగడం పెరుగుతుంటే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే వెళ్లాలి.

క్లబ్బు కూడా ఒక పని చేయాలి. ఆ రోజు ఎవరికి ఫోన్ చేయాలో తెలియక చాలా క్లబ్బులు తడబడతాయి. ప్రతి సభ్యుడి ఇంటివాళ్లలో ఇద్దరి నంబర్లు రాసి పెట్టుకోండి, రైడ్ నడిపించేవాళ్లందరి దగ్గరా ఆ జాబితా ఉంచండి, ఏడాదికోసారి సరిచూడండి.